చిత్రలేఖనం నేర్చుకోవాలా? తెనాలి, బాపట్ల, రేపల్లె వాసులకు ఉన్న ప్రభుత్వ దారులివీ

పరీక్షలు అయిపోయే సమయానికి తెనాలి, బాపట్ల, రేపల్లె వీధుల్లో ‘డ్రాయింగ్, పెయింటింగ్ క్లాసులు’ అన్న ఫ్లెక్సీలు వెలుస్తాయి. సెలవుల్లో పిల్లలు ఫోనుకు అతుక్కుపోకుండా ఏదో ఒకటి నేర్చుకుంటే చాలనుకునే తల్లిదండ్రులు కొందరు. బొమ్మలు బాగా వేస్తున్న పిల్లాడిని సరైన చోట చేర్చాలనుకునేవారు ఇంకొందరు. చిన్నప్పుడు వదిలేసిన కుంచెను మళ్లీ పట్టుకోవాలనుకునే గృహిణులు, రిటైర్ అయినవారు కూడా తక్కువేం కాదు.

వీళ్లందరికీ వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. ప్రభుత్వం తరఫున ఉచితంగా నేర్పే చోటు ఉందా? సర్టిఫికెట్ వస్తే ఉద్యోగం వస్తుందా? నెల నెలా కట్టే ఫీజుకు ఏదైనా సాయం దొరుకుతుందా? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఏ జిల్లానో చూసుకోండి

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగాక ఈ మూడు పట్టణాలు రెండు జిల్లాల్లోకి వెళ్లాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండగా బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. జిల్లా స్థాయి పోటీలు, కలెక్టరేట్‌లో అర్జీలు, జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయం పనులు ఏవైనా సరే మీ జిల్లా కేంద్రానికే వెళ్లాలి. రేపల్లె వాళ్లు పాత అలవాటు కొద్దీ గుంటూరు వెళ్తే తిరిగి రావాల్సి వస్తుంది.

గ్రంథాలయం: మీరు ఇప్పటికే డబ్బు కడుతున్న చోటు

పిల్లలకు ఉచితంగా బొమ్మలు నేర్పే మొదటి ప్రభుత్వ వేదిక శాఖా గ్రంథాలయం. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏటా వేసవిలో విజ్ఞాన శిబిరాలు పెడతాయి. కథలు చెప్పడం, పుస్తక పఠనం, ఆటలతో పాటు చిత్రలేఖనం కూడా వీటిలో ఉంటుంది. సాధారణంగా ఏప్రిల్ చివర్లో మొదలై బడులు తెరిచే ముందు ముగుస్తాయి. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లలకు చిత్రలేఖనం పోటీలు కూడా పెడతారు.

ఇది ఎవరో దయతో పెట్టే శిబిరం కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. అంటే సెస్సు లెక్కించే పన్ను రూ.2,000 అయితే మీ వాటా రూ.160. మునిసిపాలిటీ ఇచ్చే డిమాండ్ నోటీసులో ఈ పద్దు విడిగా కనిపిస్తుంది. వసూలు చేసేది మునిసిపాలిటీ. ఆ సొమ్ము చేరాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకు.

శిబిరంలో చిత్రలేఖనం ఎన్ని రోజులు ఉంటుంది, ఎవరు నేర్పుతారు అన్నది ఊరిని బట్టి, ఆ ఏడాది దొరికిన స్వచ్ఛంద శిక్షకులను బట్టి మారుతుంది. అందుకే ఏప్రిల్ రెండో వారంలోనే వెళ్లి గ్రంథాలయాధికారిని అడగడం మంచిది. శుక్రవారం వెళ్లకండి, గ్రంథాలయాలకు వారాంతపు సెలవు ఆ రోజే. మీ వీధిలో బొమ్మలు నేర్పగల మనిషి ఉంటే ఆ మాట కూడా అక్కడ చెప్పండి. శిబిరాలు ఆగిపోయేది చాలాసార్లు చోటు లేక కాదు, నేర్పేవాళ్లు లేక.

బడిలో చిత్రకళ: చట్టం ఏం చెబుతోంది?

2009 నాటి విద్యా హక్కు చట్టం షెడ్యూలులో ఒక నిబంధన ఉంది. 6 నుంచి 8 తరగతుల్లో వందమందికి పైగా పిల్లలున్న బడికి చిత్రకళ, ఆరోగ్య–వ్యాయామ విద్య, పని విద్యలకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలి. కాబట్టి ‘మా బడిలో డ్రాయింగ్ ఎందుకు లేదు’ అని పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో అడగడం అత్యాశ ఏమీ కాదు, చట్టంలో ఉన్నదే.

జాతీయ విద్యా విధానం–2020 ఇంకో అడుగు ముందుకేసింది. 6 నుంచి 8 తరగతుల మధ్య పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని సూచించింది. ఈ ప్రాంతానికి ఇది అతికినట్లు సరిపోతుంది. తెనాలిలో శిల్పశాలలు ఉన్నాయి. పాత ఇనుప సామానుతో విగ్రహాలు చేసి దేశమంతా పంపిన శిల్పులు ఇక్కడివాళ్లే. చీరాల, వేటపాలెం వైపు చేనేత డిజైన్లు గీసేవాళ్లు ఉన్నారు. రేపల్లె నుంచి పెనుమూడి–పులిగడ్డ వారధి దాటితే కృష్ణా జిల్లా. అక్కడి పెడన కలంకారీ అద్దకానికి పేరుపడిన ఊరు. ఒక్క రోజు ప్రయాణంలో పిల్లలకు రంగు ఎలా పుడుతుందో, అచ్చు ఎలా పడుతుందో చూపించవచ్చు.

9 నుంచి 12 తరగతుల వారికి ‘కళా ఉత్సవ్’ ఉంది. కేంద్ర విద్యాశాఖ 2015 నుంచి నిర్వహిస్తున్న ఈ పోటీల్లో దృశ్య కళల విభాగం ఒకటి. జిల్లా, రాష్ట్ర స్థాయి దాటి జాతీయ స్థాయికి వెళ్లవచ్చు. ఎంట్రీ బడి ద్వారానే వెళ్లాలి కనుక ప్రధానోపాధ్యాయుడికి ముందుగా చెప్పి ఉంచాలి.

ఫీజు భారం తగ్గించే స్కాలర్‌షిప్

ఇది చాలామందికి తెలియదు. కేంద్ర సాంస్కృతిక శాఖ పరిధిలోని సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం, అంటే సీసీఆర్‌టీ, 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ప్రతిభాన్వేషణ స్కాలర్‌షిప్ ఇస్తుంది. సంగీతం, నృత్యం, నాటకంతో పాటు చిత్రలేఖనం, శిల్పం, చేతివృత్తులు కూడా ఇందులో ఉన్నాయి.

ఎంపికైతే ఏడాదికి రూ.3,600 ఇస్తారు. దీనికి తోడు గురువుకు కట్టిన ఫీజును ఏడాదికి రూ.9,000 వరకు తిరిగి చెల్లిస్తారు. ప్రగతి బాగుంటే 20 ఏళ్లు నిండేవరకు గానీ, మొదటి డిగ్రీ పూర్తయ్యే వరకు గానీ స్కాలర్‌షిప్‌ను పొడిగిస్తారు. సీసీఆర్‌టీ ప్రధాన కార్యాలయం ఢిల్లీలో ఉంది. మనకు దగ్గరి ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్ మాదాపూర్‌లో ఉంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, వయసు పరిమితి గట్టిగా చూస్తారు. పదో తరగతికి వచ్చాక ఆలోచిద్దామనుకుంటే గడువు దాటిపోతుంది. రెండోది, ఫీజు తిరిగి రావాలంటే అది ఎవరికి, ఎంత కట్టారో కాగితం మీద ఉండాలి. ప్రైవేటు క్లాసులో రసీదు అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

సర్టిఫికెట్ కావాలంటే: లోయర్, హయ్యర్, టీటీసీ

ఫ్లెక్సీల మీద ‘ప్రభుత్వ గుర్తింపు గల సర్టిఫికెట్’ అని కనిపిస్తే ముందుగా అడగాల్సింది: ఆ సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు? ఆంధ్రప్రదేశ్‌లో ఈ రంగంలో ఏళ్లుగా చెల్లుతున్నది ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు, అంటే టీసీసీ పరీక్ష. పదో తరగతి పరీక్షలు పెట్టే విభాగమే ఇది.

డ్రాయింగ్ లోయర్ గ్రేడు: ఏడో తరగతి పాసైతే రాయవచ్చు.

డ్రాయింగ్ హయ్యర్ గ్రేడు: పదో తరగతితో పాటు లోయర్ గ్రేడు పాసై ఉండాలి.

ఫ్రీహ్యాండ్, మోడల్ డ్రాయింగ్, డిజైన్ లాంటి పేపర్లు ఉంటాయి. పరీక్ష రుసుము లోయర్‌కు రూ.100, హయ్యర్‌కు రూ.150 చొప్పున ఉంటూ వచ్చింది. కట్టే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో మరోసారి సరిచూసుకోండి. అభ్యర్థి నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. కాబట్టి ఎవరైనా ‘సర్టిఫికెట్ మేమే ఇప్పిస్తాం’ అంటూ వేలల్లో అడిగితే, అందులో పరీక్ష రుసుము ఎంత, నేర్పినందుకు ఎంత అని విడదీసి చెప్పమనండి.

మూడో మెట్టు టీటీసీ. వేసవిలో 42 రోజుల పాటు జరిగే ఉపాధ్యాయ శిక్షణ ఇది. 18 నుంచి 45 ఏళ్ల మధ్య వయసుండి, లోయర్ గ్రేడు సర్టిఫికెట్ ఉన్నవాళ్లు అర్హులు. డ్రాయింగ్‌తో పాటు కుట్టు, ఎంబ్రాయిడరీ, సంగీతం లాంటి విభాగాల వారు కూడా దీనికి వస్తారు.

మరి ఉద్యోగం వస్తుందా?

తల్లిదండ్రులు అడిగే అసలు ప్రశ్న ఇదే. సూటిగా చెప్పాలంటే, ఈ సర్టిఫికెట్లు అర్హతను ఇస్తాయి, ఉద్యోగాన్ని కాదు. పోస్టు ప్రకటిస్తేనే అర్హతకు విలువ.

2025 ఏప్రిల్‌లో వచ్చిన మెగా డీఎస్సీని చూడండి. మొత్తం 16,347 పోస్టులు. స్కూల్ అసిస్టెంట్లు 7,725, ఎస్జీటీలు 6,371, టీజీటీలు 1,781, పీజీటీలు 286, ప్రిన్సిపాళ్లు 52, పీఈటీలు 132. వీటిని కూడితే సరిగ్గా 16,347 అవుతుంది. డ్రాయింగ్ టీచర్ అన్న విభాగమే ఈ జాబితాలో లేదు. హయ్యర్ గ్రేడు, టీటీసీ రెండూ చేతిలో పెట్టుకుని ఎదురుచూసినవాళ్లకు ఆ నోటిఫికేషన్‌లో దరఖాస్తు చేసుకునే గడి దొరకలేదు.

అలాగని సర్టిఫికెట్ వృథా అనుకోనక్కర్లేదు. ప్రైవేటు పాఠశాలల్లో డ్రాయింగ్ టీచర్‌గా చేరడానికి, పార్ట్‌టైమ్ బోధకుల నియామకాలు పడినప్పుడు పోటీ పడటానికి, సొంతంగా తరగతులు పెట్టుకోవడానికి ఇది పనికొస్తుంది. కానీ ‘ఈ కోర్సు చేస్తే ప్రభుత్వ ఉద్యోగం గ్యారంటీ’ అని ఎవరైనా చెబితే నమ్మి అప్పు చేయకండి.

ఇంకో సందేహం కూడా తరచూ వస్తోంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం చిత్రకారులకు వర్తిస్తుందా? అందులోని 18 వృత్తుల్లో శిల్పులు, కుమ్మరులు, బొమ్మలు తయారుచేసేవారు ఉన్నారు. చిత్రకారులు లేరు. తెనాలి శిల్పశాలల్లో పనిచేసేవాళ్లు మాత్రం దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రాథమిక శిక్షణ కాలంలో రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15,000 వరకు సాయం ఇందులో ఉన్నాయి.

పెద్దవాళ్లు నేర్చుకోవాలంటే

వయసు దాటిందని ఆగాల్సిన పనిలేదు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్ఐఓఎస్‌లో పెయింటింగ్ ఒక సబ్జెక్టు. పదో తరగతి స్థాయిలో కోడ్ 225, ఇంటర్ స్థాయిలో 332. మొత్తం కోర్సు కాకుండా ఒకటి నుంచి నాలుగు సబ్జెక్టులు మాత్రమే తీసుకునే ‘పార్ట్ అడ్మిషన్’ వీలుంది. గరిష్ఠ వయోపరిమితి లేదు. పాఠాలు వెబ్‌సైటులో ఉచితంగా చదువుకోవచ్చు. అజంతా నుంచి ఆధునిక చిత్రకళ దాకా చరిత్ర కొంత, చేతి పని ఎక్కువ. మార్కుల్లోనూ ప్రాక్టికల్‌దే పెద్ద వాటా.

ఇంటర్ పూర్తిచేసిన యువతకు నాలుగేళ్ల బీఎఫ్ఏ ఉంది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, కడపలోని డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఈ కోర్సు నడుపుతున్నాయి. ఫైన్ ఆర్ట్స్ ప్రవేశాలకు ఏడీసెట్ అనే ప్రత్యేక పరీక్ష ఉంటుంది. ఇందులో బొమ్మ గీయించి చూస్తారు. ఇంటర్‌లో ఫలానా గ్రూపే చదివి ఉండాలన్న పట్టింపు లేదు. కాబట్టి ఎంపీసీలో చేరిన పిల్లాడు కూడా ఈ దారిని మూసేసుకోనక్కర్లేదు.

ఈ నేలకు చిత్రకళ కొత్త కాదు

పట్టణాల్లో వేదికలు తక్కువగా ఉన్నా ఈ ప్రాంతంలో వారసత్వానికి లోటు లేదు. తెనాలి పక్కన తుమ్మపూడిలో కూర్చుని దేశవిదేశాల కళాకారులతో ఉత్తరాలు నడిపిన చిత్రకారుడు, కళావిమర్శకుడు సంజీవదేవ్ (1914–1999) ఇక్కడివారే. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ సినిమాకు కళా దర్శకుల్లో ఒకరైన మా. గోఖలే సొంతూరు తెనాలి ప్రాంతంలోని బ్రాహ్మణకోడూరు. కృష్ణ దాటితే బందరు. అక్కడి ఆంధ్ర జాతీయ కళాశాల బెంగాలు నుంచి ప్రమోద్ కుమార్ చటర్జీని రప్పించి చిత్రకళ నేర్పించింది. అడివి బాపిరాజు ఆ గురువు దగ్గరే శిక్షణ పొంది, తర్వాత అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఒక ఊరు ఒక మంచి గురువును నిలబెట్టుకుంటే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

ప్రైవేటు క్లాసులో చేరే ముందు చూడాల్సినవి

ప్రభుత్వ వేదికలు వేసవికో, పోటీలకో పరిమితమైనప్పుడు మిగతా పది నెలలూ ఇంటి దగ్గరి డ్రాయింగ్ మాస్టారే దిక్కు. చేర్చే ముందు ఒక రోజు వెళ్లి కూర్చోండి.

పిల్లలు ఏం చూసి గీస్తున్నారు? ఎప్పుడూ ఫోనులో బొమ్మ చూసి దించుతుంటే చెయ్యి తిరుగుతుంది గానీ చూపు రాదు. ఎదురుగా చెంబో, అరటిపండో, చెప్పులో పెట్టి గీయిస్తున్నారంటే అది మంచి గుర్తు. టీసీసీలో మోడల్ డ్రాయింగ్‌కు కూడా కావాల్సింది ఇదే.

వరుస ఉందా? గీత, ఆకారం, వెలుగునీడలు, ఆ తర్వాత రంగు. మొదటి వారంలోనే కాన్వాసు, ఆయిల్ రంగులు కొనమంటే ఎందుకని అడగండి. మొదలుపెట్టడానికి హెచ్‌బీ, 2బీ, 4బీ పెన్సిళ్లు, డ్రాయింగ్ షీట్లు, ఎరుపు, పసుపు, నీలం, తెలుపు పోస్టర్ రంగులు, రెండు గుండ్రటి కుంచెలు చాలు. మిగతా రంగులు కలుపుకోవడమే అసలు పాఠం.

బొమ్మ ఎవరిది? పోటీకి పంపే బొమ్మకు మాస్టారు మెరుగులు దిద్దితే బహుమతి రావచ్చు. పిల్లాడికి మాత్రం తన చేతి మీద నమ్మకం పోతుంది.

భద్రత సంగతేంటి? గది తలుపు తెరిచి ఉంటుందా, తల్లిదండ్రులు ఎప్పుడైనా రావచ్చా, ఆడపిల్లలు ఇంటికి వెళ్లే వేళ ఏమిటి అన్నవి నిర్మొహమాటంగా అడగాలి. ఆయిల్ రంగులకు టర్పెంటైన్ వాడే గదిలో గాలి ఆడాలి.

ఒక చిన్న స్థానిక జాగ్రత్త. బాపట్ల, రేపల్లె లాంటి తీర ప్రాంతాల్లో వానాకాలం కాగితం తేమ పీలుస్తుంది. వేసిన బొమ్మలు పూర్తిగా ఆరాక ప్లాస్టిక్ ఫోల్డరులో పరిచి పెట్టండి. గొట్టంలా చుట్టి అటక మీద పెడితే బూజు పడుతుంది.

మా ఊళ్లో తరగతి కావాలంటే ఎవరిని అడగాలి?

అడగాల్సిన చోట్లు మూడు.

మొదటిది వార్డు సచివాలయం. అక్కడ విద్య, డేటా ప్రాసెసింగ్ చూసే వార్డు కార్యదర్శి ఉంటారు. ఆదివారాలు ఖాళీగా ఉండే మునిసిపల్ పాఠశాల గదినో, కమ్యూనిటీ హాలునో చిత్రలేఖనం తరగతికి ఇవ్వమని పదిపదిహేను మంది తల్లిదండ్రుల సంతకాలతో మునిసిపల్ కమిషనర్ పేరిట అర్జీ ఇవ్వండి. రసీదు తీసుకోండి. 

రెండోది సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక. బాపట్ల వాళ్లు కలెక్టరేట్‌కు, రేపల్లె వాళ్లు ఆర్డీవో కార్యాలయానికి, తెనాలి వాళ్లు సబ్ కలెక్టర్ కార్యాలయానికి వెళ్లవచ్చు. వెళ్లలేని వాళ్లు 1100కు ఫోన్ చేయవచ్చు.

మూడోది సమాచార హక్కు చట్టం. మునిసిపాలిటీకి రూ.10 రుసుముతో దరఖాస్తు పెట్టి రెండే ప్రశ్నలు అడగండి. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో గ్రంథాలయ సెస్సు కింద ఎంత వసూలైంది? అందులో ఎంత మొత్తం, ఏ తేదీన జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేశారు? గ్రంథాలయ సంస్థకు వేరే దరఖాస్తు పెట్టి మీ శాఖా గ్రంథాలయం వేసవి శిబిరానికి ఎంత ఖర్చు చేశారో అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. చేతిలో అంకెలు ఉన్నాక శిబిరం గురించి అడిగే మాటకు బరువు వస్తుంది.

ఏ నెలలో ఏం చేయాలి?

జూన్‌లో బడి తెరవగానే ఆర్ట్ బోధకుడి గురించి పాఠశాల యాజమాన్య కమిటీలో అడగండి. కళా ఉత్సవ్‌కు పేరు ఇవ్వాలని ప్రధానోపాధ్యాయుడికి చెప్పండి. పిల్లలకు పదేళ్లు నిండితే సీసీఆర్‌టీ వెబ్‌సైటును, ఏడో తరగతి దాటితే ప్రభుత్వ పరీక్షల విభాగం వెబ్‌సైటును అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి. నవంబరు 14 నాటికి గ్రంథాలయ వారోత్సవాల పోటీల వివరాలు కనుక్కోండి. ఏప్రిల్ రెండో వారంలో వేసవి శిబిరానికి పేరు రాయించండి. ఆస్తి పన్ను కట్టేటప్పుడు నోటీసులో గ్రంథాలయ సెస్సు అంకెను ఒకసారి చూసుకోండి. మీ పిల్లల రంగుల డబ్బాకు మీరు కడుతున్న వాటా అందులో ఉంది.